ఓడ

సముద్రమునకు దూరమైన బేస్తవారిపేట సీమలో సైతము ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య’ యను సామెత చెల్లును. అందలి ఓడ యేటిని దాటించు పడవయే గాని కడలి నౌక కాదు. ఈ మాట సంస్కృతమునుండి దిగినది గాదు. తమిళ మలయాళములందు ‘ఓడం’, కన్నడమున ‘ఓడ’. సోదరభాషల యుమ్మడి సొత్తు. ‘ఓడిపోవుట’తో ముడిపెట్టుట వట్టి చమత్కారము.

ఏటి పడవ పేరే కడలి నౌకకును జెల్లినది. కాని కడలిలో భయము మెండు. గాలివానకు తీరమున కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలిమిని గైకొనెడివారు. ఓడ పగిలినవానికి ఒడ్డునను దోపిడియే! కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవు వర్తకులకు అభయమిచ్చి, ఆ దోపిడిని మాన్పెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము మాత్రమే నిలిపెను. ఆ శాసనస్తంభము మోటుపల్లి వీరభద్రాలయమున నున్నది.