ప్రభుత్వాధికారానికి హద్దు ఎక్కడ?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వాధికారం ఎంతవరకు ఉండాలన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను రాజనీతి శాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై మూడేళ్లు బిల్లులు, రిజిస్టర్లు చూసినవాణ్ణి. కనుక నాకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను.

డిసెంబరు 17వ తేదీ మనకు పండుగ ఎందుకయిందో మన ఇళ్లలో పిల్లలకు తెలియదు. 1979లో కేంద్ర ప్రభుత్వం పింఛను లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరిచింది. అయితే ఆ ఏడాది మార్చి 31న గాని, ఆ తర్వాత గాని రిటైరైనవారికే ఆ మేలు అన్నది. ఒక్కరోజు ముందు దిగిపోయినవారికి లేదు. 1972లో రిటైరైన డి.ఎస్. నకారా గారు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారి నాయకత్వంలోని అయిదుగురు సభ్యుల ధర్మాసనం 1982 డిసెంబరు 17న ఆ గీత చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ అయిదుగురిలో మన తెలుగువారు ఓ. చిన్నప్పరెడ్డి గారు ఒకరు. పింఛను ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని 1971లో చెప్పిన మాటనే కోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది.

అంటే ప్రభుత్వానికి అధికారం లేదని కాదు. ఖజానా నడపాలి, పన్నులు వేయాలి, కరువులో వరదలో ఆదుకోవాలి. అధికారం లేని ప్రభుత్వం మనకు పింఛను మాత్రం ఎక్కడ నుంచి ఇస్తుంది? కాని ఆ అధికారం చట్టం దారిలో నడవాలి, ఒకే రకం మనుషులను ఇష్టం వచ్చినట్లు విడదీయరాదు. రాజ్యాంగం 14వ అధికరణం, 300-ఎ అధికరణం చెప్పేది ఇదే.

2020 కరోనా సమయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలలో, పింఛనులలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. ఒక విశ్రాంత జిల్లా జడ్జి గారు హైకోర్టుకు వెళ్లారు. 12 శాతం వడ్డీతో ఇవ్వమన్నది హైకోర్టు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది. కష్టకాలంలో చేసిన పని గనుక ప్రభుత్వాన్ని శిక్షించనక్కరలేదన్నది. అయినా సొమ్ము మీ హక్కు, ఆలస్యానికి వడ్డీ కట్టవలసిందే అన్నది. కష్టాన్నీ గుర్తించింది, హద్దునూ చూపింది.

కథ అంతటితో ముగియలేదు. రిటైరైన తేదీని బట్టి తన పింఛనుదారుల మధ్య తేడా చూపే అధికారం తనకున్నదని 2025 ఆర్థిక చట్టం ద్వారా కేంద్రం పార్లమెంటు చేత చెప్పించుకున్నది. చట్టం చేసే అధికారం పార్లమెంటుది. అది సమానత్వానికి నిలుస్తుందా అని అడిగే హక్కు మనది.

ఇక ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేను సీనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు, చనిపోయిన ఒక అటెండరు భార్య కుటుంబ పింఛను ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒక విధంగా, దరఖాస్తులో మరో విధంగా ఉంది. అభ్యంతరం రాసి తిప్పి పంపాను. అది సరిచేసి తెస్తే మరో లోపం, అదీ తెస్తే ఇంకొకటి. ఒక్కసారే చెప్పవలసినవి మూడుసార్లు చెప్పాను. ఏడు నెలలు గడిచాయి. చివరిసారి ఆమె, "ఇంకేమైనా కావాలంటే ఇప్పుడే చెప్పండి బాబూ, మళ్లీ రావడానికి బస్సు చార్జీ లేదు" అన్నది.

నేను రూలు తప్పలేదు, లంచం అడగలేదు. కాని ఆమెకు ఆ ఏడు నెలలు ప్రభుత్వమంటే నేనే. నా కలానికి హద్దు ఎవరూ గీయలేదు, నేనూ గీసుకోలేదు.

అందుకే నా మనవి. మన హక్కు కోసం కోర్టుకు వెళదాం, మహజరు ఇద్దాం. దానితోపాటు నేడు కుర్చీలలో కూర్చున్న మన పిల్లలకు ఒక్క మాట చెబుదాం: బల్లకు అవతల నిలబడ్డ మనిషిని రెండోసారి తిప్పే ముందు, ఆ తిప్పడం అవసరమా అని ఆలోచించమని.