కొత్త పన్నులు, కొత్త సుంకాలు – మన ఇంటి లెక్క
(షోలాపూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణానికీ, పిల్లల నాటకానికీ నడుమ పన్నుల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించినప్పుడు మేము కొంత జంకిన మాట నిజము. పచ్చడిలో వేపపువ్వు వేసినది చాలదా అనిపించినది. అయితే ఇప్పుడే సిద్ధాంతిగారు ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చదువుతుంటే అందరమూ చెవులు నిక్కించి విన్నాము. సర్కారువారు మన ఆదాయ వ్యయాలలో చేసిన మార్పులను కూడ అదే శ్రద్ధతో వినగలరని ధైర్యము తెచ్చుకొన్నాము.

మేము న్యాయవాదులము కాము, ఆడిటర్లము కాము. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనే వాళ్ళము. పార్సెలు ఆఫీసులో రేట్ల పుస్తకము ఒకటి ఉంటుంది. రేటు మారినప్పుడల్లా దానిలో కరెక్షను స్లిప్పు అతికిస్తాము. కొన్నాళ్ళకు అసలు పుస్తకము కంటె స్లిప్పులే లావెక్కుతవి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము గతి సరిగ్గా అదే అయినది. అందుచేత 2025లో పార్లమెంటు కొత్త చట్టము చేసినది. పాత దానిలో 819 సెక్షన్లుండగా కొత్త దానిలో 536 మాత్రమే ఉన్నవి. 2026 ఏప్రిల్ 1 నుండి అమలు. "గత సంవత్సరము", "అసెస్‌మెంటు సంవత్సరము" అనే రెండు పేర్ల గందరగోళము తీసివేసి "పన్ను సంవత్సరము" అని ఒక్క పేరు పెట్టినారు. ఎంతోమంది గుమాస్తాలకు తలనొప్పి తగ్గినది!

చట్టము తేలికైతే మన చేతికి ఏమి వచ్చినట్టు అని అడుగవచ్చును. అడుగవలసినదే. మన పూర్వభాగములో ప్రతి ఇంటికీ తగిలేది ముందుగా చెప్పుతాము.

2025 సెప్టెంబరు 3న జి.ఎస్.టి. కౌన్సిలు వారు ఢిల్లీలో కూర్చుండి, 12 శాతము, 28 శాతము అనే మెట్లు తీసివేసి, ముఖ్యముగా 5, 18 అనే రెండు మెట్లు నిలిపినారు. విలాస వస్తువులకు, హాని చేసే వస్తువులకు 40 అనే ప్రత్యేకపు మెట్టు వేరే ఉన్నది. సెప్టెంబరు 22 నుండి అమలైనది. సబ్బు, తలనూనె, పళ్ళ పేస్టు వగైరా 18 నుండి 5కు దిగినవి. నెయ్యి, వెన్న 12 నుండి 5కు. పిల్లల నోటు పుస్తకాలకు, పెన్సిళ్ళకు పన్నే లేదు. సొంతముగా కట్టుకొనే జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియముల మీద 18 శాతము ఉండేది, అది పూర్తిగా పోయినది. పదివేల ప్రీమియము కట్టే ఇంటికి 1,800 మిగులుతున్నది. సిమెంటు 28 నుండి 18కి వచ్చినది. మా రైల్వేలో నీళ్ళ సీసా ధర కూడ ఆ రోజుననే 15 నుండి 14 రూపాయలయినది. ఒక్క రూపాయే గదా అని నవ్వకండి. ఆ రూపాయి చిల్లర కోసము స్టేషనులో జరిగిన వాదములు మేము కళ్ళారా చూచినాము.

ఇక మన మగ్గాల సంగతి. చాదరు, టవేలు వంటి నేత సరుకు ఒక్కొక్కటి వేయి రూపాయల లోపయితే 5 శాతము, పైనయితే 12 శాతము అని ఇంతకు ముందు ఉండేది. ఇప్పుడు 2,500 రూపాయల వరకు 5 శాతమే. ఆ పైన 18. షోలాపూరు చాదరు కొనే సామాన్య సంసారి 2,500 దాటి కొనేది అరుదు కనుక ఇది మన సరుకుకు మేలే. కృత్రిమ దారమునకు 12 నుండి 5కు తగ్గించినారు. పూర్వము కొన్ని సరుకులలో దారము మీద కట్టే పన్ను ఎక్కువ, బట్ట మీద వసూలయ్యే పన్ను తక్కువ అయి, చిన్న కార్ఖానా వాని సొమ్ము సర్కారు దగ్గర వాపసు కోసము నిలిచిపోయేది. ఆ చిక్కు చాలవరకు విడినది.

బీడీల విషయము ఇంత సులభము కాదు. బీడీల మీద 28 శాతము ఉండేది. తునికాకు మీద 18 ఉండేది. ఆకు 2025 సెప్టెంబరులోనే 5కు తగ్గినది. బీడీలకు మాత్రము 2026 ఫిబ్రవరి 1 నుండి 18 శాతము అయినది. పొగాకు ఆరోగ్యానికి చెరుపు, దాని మీద పన్ను తగ్గించరాదని వైద్యులు ఆక్షేపించినారు. వారి మాటలో న్యాయమున్నది. అయినా మన అక్కచెల్లెళ్ళు వేలమంది తెల్లవారి ఆకు కత్తిరించి, సాయంకాలము వరకు వంగి కూర్చుండి చుట్టే ఈ పని నుండి తెచ్చే కూలితోనే ఇంట్లో పిల్లలకు ఫీజులు వెళ్ళుతున్నవి. వేయి రూపాయల సరుకు మీద 280 రూపాయలు పోయేచోట ఇప్పుడు 180 పోతున్నది. మిగిలిన ఆ నూరు రూపాయలు ఎవరికి చేరినవి? త్రాగేవానికా, యజమానికా, చుట్టిన చేతికా? చేతికి చేరవలెనని ఏ నోటిఫికేషనులోను వ్రాయలేదు. కూలి రేటు కనీస వేతనముల క్రింద నిర్ణయమయ్యేది, దానికీ జి.ఎస్.టి.కీ లంకె లేదు.

ఇంకొక మాట కూడ పెద్దలకు జ్ఞప్తి చేయవలెను. పూర్వము వేయి బీడీలకు ఇంత అని ఒక సెస్సు వసూలు చేసి, దానిని బీడీ కార్మికుల సంక్షేమ నిధికి జమ కట్టేవారు. దవాఖానాలు, పిల్లల స్కాలరుషిప్పులు దానితో నడిచేవి. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఆ సెస్సు రద్దయినది. ఆ పనులకు సొమ్ము ఇప్పుడు బడ్జెటు నుండి రావలసి ఉన్నది. అనగా, అడిగినవారికి అందుతుంది. గుర్తింపు కార్డు లేని అక్కకు స్కాలరుషిప్పు దరఖాస్తు ఎక్కడి నుండి వచ్చును? కార్ఖానాలో పేరు ఒకరిది, చుట్టేది మరొకరు అనే వాడుక మన వీధులలో ఉన్నది. దానిని మార్చుకొనేవరకు ఏ సడలింపూ ఆ గడప దాటి లోపలికి రాదని మా అభిప్రాయము.

దుకాణములో పన్ను తగ్గింపు మనకిచ్చినారా లేదా తెలియాలంటే బిల్లు చూడవలెను. బిల్లు మీద జి.ఎస్.టి. నంబరు పదునైదు అక్షరములుంటుంది. మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపుతవి: మహారాష్ట్ర 27, తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. కాంపొజిషను పద్ధతిలో ఉన్న చిన్న దుకాణదారు గిరాకీ దగ్గర వేరుగా పన్ను వసూలు చేయరాదు. చేస్తే అది పన్ను కాదు, అతని సొంత సంపాదన. లాభము నొక్కి పెట్టినవారి మీద విచారణ చేసే ప్రత్యేక వ్యవస్థ 2025 ఏప్రిల్ నుండి కొత్త ఫిర్యాదులు తీసుకొనుట మానివేసినది. ఇప్పటికి 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రములో చెప్పుకొనుట ఒక దారి.

ఇప్పుడు సుంకముల మాట. మనవారి మేనమామలు, బావలు కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు వైపు నుండి దుబాయి, మస్కటు వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. చెల్లెలి పెండ్లికి గొలుసు తెస్తానని మాట ఇచ్చి వెళ్ళినవారు. 2016 నాటి నియమము ప్రకారము, ఏడాదికి పైబడి విదేశములో ఉండి తిరిగి వచ్చే మగవాడు 20 గ్రాముల నగ తేవచ్చును గాని దాని విలువ 50,000 రూపాయలు దాటరాదు. స్త్రీకి 40 గ్రాములు, లక్ష రూపాయలు. ఆనాడు పది గ్రాములు సుమారు ముప్పయి వేలు కనుక గ్రాములకూ రూపాయలకూ కొంతలో కొంత పొంతన ఉండేది. 2025లో పది గ్రాములు లక్ష దాటినది. యాభై వేలకు అయిదు గ్రాములైనా రాదు. గ్రాములు కాగితము మీద అట్లే ఉన్నవి, రూపాయల హద్దు మాత్రము వాటిని మింగివేసినది. నాలుగేండ్లు ఎండలో పని చేసి వచ్చినవాడు కస్టమ్సు బల్ల ముందు దొంగవలె నిలబడవలసి వచ్చినది.

2026 ఫిబ్రవరి 2 నుండి కొత్త బ్యాగేజి నియమములు వచ్చి ఆ రూపాయల హద్దు తీసివేసినవి. ఏడాదికి పైగా బయట ఉండి వచ్చేవారిలో స్త్రీకి 40 గ్రాములు, ఇతరులకు 20 గ్రాములు, తూకమే లెక్క. అవి నగలై ఉండవలెను, బిస్కెట్లు నాణెములు కావు. పదునొకండు నెలలకే సెలవు మీద వచ్చేవానికి ఈ సదుపాయము లేదు, పాసుపోర్టు మీది ముద్రలే సాక్ష్యము. నగలు కాక ఇతర సామాను మీద విమానములో వచ్చేవారికి 50,000 వరకు ఉన్న మినహాయింపును 75,000 చేసినారు. పద్దెనిమిదేండ్లు నిండినవారు ఒక ల్యాప్‌టాపు వేరుగా తెచ్చుకోవచ్చును. సొంత వాడుకకు విదేశము నుండి తెప్పించుకొనే సుంకపు వస్తువుల మీద 20 శాతమున్న రేటును 2026 ఏప్రిల్ నుండి 10కి తగ్గించినారు.

బొంబాయి గాని శంషాబాదు గాని దిగినప్పుడు, హద్దు దాటి ఉంటే ఎర్రదారిన వెళ్ళి చెప్పి సుంకము కట్టుటే మర్యాద. మా పార్సెలు ఆఫీసులో కూడ స్లీపరు టిక్కెట్టు మీద 40 కిలోలు ఉచితము, ఎక్కువైతే ముందుగా బుక్ చేసుకొన్నవానికి ఖర్చు తక్కువ, దాచి పట్టుబడినవానికి పలు రెట్లు. ఇతరుల పొట్లము, "మా అన్నకు ఇవ్వవయ్యా" అని చేతిలో పెట్టినది, ఏమున్నదో చూడకుండా సంచిలో వేసుకోవద్దని మీ పిల్లలకు ఫోనులో గట్టిగా చెప్పండి. కొన్ని ఇండ్లు దీనివలన చెడినవి.

బంగారము తరువాత మనకు ప్రాణమైనది ఊళ్ళో ఇల్లు. తాతలు మిల్లు పనికి ఇక్కడికి వచ్చినా, అక్కడ ఒక ఇల్లు తాళము వేసి ఉన్నది. ఇక్కడ కష్టపడి కట్టుకొన్నది మరొకటి. 2025 బడ్జెటులో దీనికొక మేలు జరిగినది. సొంత వాడుకలోని రెండు ఇండ్లకు ఎట్టి షరతులు లేకుండ అద్దె లెక్క సున్న అని ఒప్పుకొన్నారు. ఉద్యోగముకై వేరే ఊళ్ళో ఉన్నామని నిరూపించవలసిన పని లేదు. అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె మాత్రము ఆదాయమే.

అమ్మదలచినవారు ఇంకొక సంగతి గమనించవలెను. 2024 జూలై 23 నుండి ఆస్తి అమ్మకపు లాభము మీద పన్ను 12.5 శాతము. అయితే ఆ తేదీకి ముందు సంపాదించిన ఇల్లు, స్థలము అయితే, దేశములో నివసించేవారు పాత పద్ధతిన సూచిక లెక్కించి 20 శాతము చొప్పున చూచుకొని ఏది తక్కువైతే అది కట్టవచ్చును. 2001 ఏప్రిల్ 1కి రెండు లక్షలు చేసే ఇల్లు అనుకొనుడు. 2001–02కు సూచిక 100, 2025–26కు 376, కనుక ఖరీదు 7,52,000గా లెక్క. దానిని పది లక్షలకు అమ్మితే పాత పద్ధతిన పన్ను 49,600. కొత్త పద్ధతిన లాభము ఎనిమిది లక్షలు, పన్ను లక్ష. అదే ఇల్లు ఇరువది లక్షలు పలికితే పాత పద్ధతిన 2,49,600, కొత్త పద్ధతిన 2,25,000. సెస్సు వేరు. ధర మెల్లగా పెరిగిన పల్లె ఇండ్లకు పాత లెక్కయే మేలు, రెండూ వేసి చూడకుండ సంతకము పెట్టకండి. ఈ ఎంపిక అమెరికాలో స్థిరపడిన అన్నదమ్ములకు లేదు, వారి వాటా లెక్క వేరుగా కట్టవలసి ఉంటుంది. పట్టణపు హద్దులకు దూరముగా ఉన్న సాగు భూమికి ఈ పన్నే లేదు. చిక్కు ఎక్కడనగా, 2001 నాటి విలువ చూపవలెనంటే కాగితము కావలెను. మన తాతల కాగితములు నిజాము కాలపు ఉర్దూలో, పెట్టె అడుగున, ఎవరి పేరునో ఉన్నవి. చదువగల పెద్దలు ఉండగానే వాటిని వ్రాయించి, పేరు మార్పించుకొనుట మంచిది.

ఉద్యోగస్థులకు ఒక్క మాట. 2025–26 నుండి కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల వరకు, జీతగాండ్రకు 12,75,000 వరకు పన్ను పడదని అందరము సంతోషించినాము. పన్ను లేదు గనుక రిటర్ను వేయనక్కరలేదని మా ఆఫీసులోనే కొందరు అంటున్నారు. నాలుగు లక్షలు దాటిన ఆదాయమునకు పన్ను లెక్కకు వచ్చి, తరువాత రిబేటుగా మాఫీ అవుతున్నది. కాబట్టి రిటర్ను వేయవలసినదే. వాటాల అమ్మకపు లాభమునకు, లాటరీకి ఆ మాఫీ వర్తించదు. పిల్లల విదేశీ చదువుకు పది లక్షలు దాటి సొమ్ము పంపేటప్పుడు బ్యాంకువారు పట్టుకొనే 5 శాతము 2026 ఏప్రిల్ నుండి 2 శాతమే. అదైనా రిటర్ను వేసినవారికే తిరిగి వస్తుంది.

ఈ నెలాఖరు వరకు ప్రతి ఆదివారము సాయంకాలము నాలుగింటి నుండి మేము ఇద్దరు ముగ్గురము గుమాస్తాలము సంఘము గదిలో కూర్చుంటాము. బీడీ కార్డులు, బిల్లులు, ఊరి కాగితములు, పాసుపోర్టు నకళ్ళు ఒక సంచిలో వేసుకొని రండి. ఉర్దూ చదువగల పెద్దలొకరు కూడ వస్తామన్నారు. బంగారము మాత్రము ఇంట్లోనే ఉంచి రండి, మాకు దాని రశీదు చాలును.