ముప్పై ఒక్క ఏళ్లు ఆలస్యమైన నంబర్ వన్

ఇవాన్ గూలగాంగ్ పేరు మీలో ఎంతమంది విన్నారు? ఆస్ట్రేలియా మూలవాసులైన విరాడ్జురి జాతి బిడ్డ. బారెల్లన్ అనే చిన్న ఊళ్లో పెరిగింది. తండ్రి గొర్రెల ఉన్ని కత్తిరించే పనికి పోయేవాడు. ఆ రోజుల్లో సర్కారోళ్లు మూలవాసుల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి లాక్కుపోయేవాళ్లు. ఊళ్లోకి కొత్త కారొస్తే చాలు, తల్లి పిల్లల్ని దాక్కోమనేది.

అట్లా దాక్కున్న పిల్లే 1971లో, 19 ఏళ్లకు, వింబుల్డన్ గెలిచింది. 1980లో ఒక బిడ్డకు తల్లయ్యాక మళ్లీ గెలిచింది. ఒక తల్లి అక్కడ సింగిల్స్ గెలవడం 1914 తర్వాత అదే మొదటిసారి. సింగిల్స్‌లో మొత్తం 7 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఆమెవి.

అసలు మాట ఇప్పుడు వినండి. 1976లో ఆమె రెండు వారాలు ప్రపంచ నంబర్ వన్. కానీ అప్పటి ర్యాంకుల లెక్కల్లో కొన్ని కాగితాలు లేకుండా పోయాయి. ఆ సంగతి తేలి, ఆమెకు ఆ స్థానం ఇచ్చింది 2007లో. 31 ఏళ్ల తర్వాత!

ఆమె ఆ కాగితం కోసం ఆగలేదు. ఆడింది, గెలిచింది, తర్వాత మూలవాసుల పిల్లల కోసం టెన్నిస్ శిబిరాలు పెట్టింది. మీరూ ఆగకండి. కానీ ఒకటి గుర్తుంచుకోండి: గెలవడం ఎంత ముఖ్యమో, ఆ గెలుపును మన చేత్తో రాసిపెట్టుకోవడమూ అంతే ముఖ్యం.