ఇంటి కరెంటు లెక్క చూసే మనిషి మన ఇంటి నుంచే రావాలి

(వార్షికోత్సవ సభలో సోలాపూర్ శిక్షణ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం "గృహ ఇంధన ఆడిట్ – శిక్షణ, ధ్రువపత్రం". పేరు వినగానే వెనక వరుసలో ఒకరిద్దరు లేచి టీకి పోయారు, మేము చూశాం. పోనీయండి. ఆడిట్ అంటే మనవాళ్లకు సంఘం లెక్కలు, సొసైటీ లెక్కలే గుర్తుకొస్తాయి. ఇది కూడా లెక్కే. కరెంటు ఎక్కడ ఎంత పోతోంది, అందులో పనికొచ్చేది ఎంత, ఊరికే పోయేది ఎంత అని ఇంటింటికీ వెళ్లి కొలిచి చెప్పే పని. దానికి మన పిల్లలకు చదువు చెప్పించి చేతికి సర్టిఫికెట్ ఇప్పించాలని మేము అడగబోతున్నాం. ఎందుకు అడుగుతున్నామో తెలియాలంటే ముందు మేము చేసిన తప్పు చెప్పాలి.

కొన్నేళ్ల కిందట మా పూర్వ భాగంలో బిల్లుల గోల ఎక్కువైంది. మా వైపు ఇల్లూ సాంచాలూ ఒక కప్పు కిందనే. ముందు గదిలో టవల్ సాంచాలు, వెనక వంట, పైన రేకు. బిల్లు చూసి నిద్ర పట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. మేము కొంతమందిమి కలిసి ఒక క్లాంప్ మీటర్ కొన్నాం. వీడియోలు చూసి నేర్చుకున్నాం. ఆదివారాలు గల్లీలు తిరిగాం. అందరూ ఛాయ్ ఇచ్చారు, మెచ్చుకున్నారు. మాకూ కొంచెం తలకెక్కింది, దాచుకోవడం ఎందుకు.

ఒక ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే. కొడుకు పోయాడు, కోడలు కండెలు చుడుతుంది, రెండు సాంచాలు పనివాళ్ల మీద నడుస్తున్నాయి. ఆమె బిల్లు ఉన్నట్టుండి పెరిగింది. మేము పోయి చూశాం. మోటార్లు పాతవి, ఎన్నిసార్లు వైండింగ్ చేయించారో వాళ్లకే గుర్తు లేదు. ఇంకేం, దొంగ దొరికాడు అనుకున్నాం. మోటార్లు మార్చు పెద్దమ్మా, బిల్లు దిగుతుంది అని చెప్పి వచ్చాం. ఆమె చిట్టీ ఎత్తి మార్చింది. మర్నెల బిల్లు చూస్తే పెద్ద తేడా లేదు. ఆ పై నెలా అంతే.

తరువాత ఐటీఐ చదివిన ఒక కుర్రవాడు ఆ ఇంటికి ఫ్యాన్ బాగు చేయడానికి పోయాడు. పోయినవాడు ముందుగా ఇంట్లో స్విచ్చులన్నీ ఆపించి, మెయిన్ మాత్రం ఉంచి, మీటర్ ముందు నిలబడ్డాడు. ఏమీ నడవడం లేదు, కానీ మీటర్ మీద ఎర్ర దీపం మినుకుమంటూనే ఉంది. నిమిషానికి పన్నెండు సార్లు. ఆ మీటర్ మీద 3200 అని రాసి ఉంది, అంటే 3200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్. గంటకు 720 మినుకులు, సుమారు 225 వాట్లు. రాత్రీ పగలూ పోతుంటే రోజుకు అయిదు యూనిట్ల పైమాటే. నెలకు 160.

వెతికితే నీళ్ల పంపు తీగ. సాంచాల మీటర్ నుంచే పంపుకు తీగ లాగారు. తడి గోడ లోపల దాని తొడుగు చీలింది. పైగా పంపు స్విచ్ ఫేజ్‌కు పెట్టాల్సింది న్యూట్రల్‌కు పెట్టారు. స్విచ్ ఆపినా తీగలో కరెంటు ఉంటుంది, గోడలోకి కారుతూనే ఉంటుంది. ఆ గోడ పక్కనే కోడలు గిన్నెలు తోముకుంటుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ లేదు. 30 మిల్లీ ఆంపియర్లు కారితే చాలు, లైను తెంచేసే పరికరం అది. అక్కడ కారింది దాదాపు ఒక ఆంపియర్.

మేము క్షమాపణ చెప్పడానికి పోతే పెద్దమ్మ కోపం చేయలేదు. "పుస్తకం చూసి మందిచ్చినట్టు చేసిండ్రు గదా బిడ్డా" అన్నది. ఆ మాట మాకు ఇంకా తగులుతూనే ఉంది. పోయింది చిట్టీ డబ్బులు మాత్రమే కాదు. మేము ఆ గోడ పక్కన నిలబడి ఛాయ్ తాగి, మోటార్ల గురించి ఉపన్యాసం ఇచ్చి వచ్చాం.

మోటారు సలహా మరీ తప్పని కాదు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్ల పని. సామర్థ్యం 70 శాతానికి పడిపోయిన మోటారు ఆ పనికి 1066 వాట్లు తాగుతుంది, 80 శాతం ఉన్నది 932 తాగుతుంది. పన్నెండు గంటలు నిండు భారం మీద నడిస్తే తేడా రోజుకు ఒకటిన్నర యూనిట్. సాంచా మోటారు ఎప్పుడూ నిండు భారం మీద ఉండదు కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. లెక్క ఉంది. కానీ ఏది ముందు, ఏది తరువాత అనేది మాకు తెలియలేదు. శిక్షణ అంటే ముందుగా ఆ వరుస నేర్పడమే. పన్నెండు నెలల బిల్లులు చూడాలి, అన్నీ ఆపి మీటర్ చూడాలి, ఎర్తింగ్ చూడాలి, ఒక్కొక్క వస్తువు కొలవాలి, అప్పుడు గాని నోరు విప్పకూడదు.

ఇప్పుడు సర్టిఫికెట్ల సంగతి. మన దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కింద 2002 మార్చిలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అందరూ బీఈఈ అంటారు, ఏర్పడింది. ఫ్రిజ్ మీద, ఏసీ మీద నక్షత్రాల కాగితం అంటించేది వాళ్లే. ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ అని జాతీయ పరీక్ష కూడా వాళ్లదే. నాలుగు పేపర్లు. మొదటి మూడూ ఇద్దరికీ ఉంటాయి, నాలుగోది ఆడిటర్ కావాలనుకునేవాళ్లకు మాత్రమే. ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఇంజనీరింగ్ డిగ్రీ లాంటి చదువు, పైన కొన్నేళ్ల అనుభవం కావాలి. అది పెద్ద కర్మాగారాలకు, బాయిలర్లకు పనికొచ్చే చదువు. మన కుటుంబాల్లో ఇంజనీర్లు తక్కువేమీ లేరు, వాళ్లు రాయాలి, రాయమనే చెబుతున్నాం. కానీ గల్లీలో ఇల్లిల్లూ తిరిగే పనికి ఆ పరీక్ష సరిపోయేది కాదు.

ఇళ్ల కోసం వేరే దారి మొదలైంది. 2021 డిసెంబర్‌లో, ఇంధన పొదుపు వారంలో, బీఈఈ వాళ్లు కేరళ ప్రభుత్వ ఎనర్జీ మేనేజ్‌మెంట్ సెంటర్‌తో కలిసి గృహ ఇంధన ఆడిట్ మీద సర్టిఫికెట్ కోర్సు ప్రారంభించారు. ఇంజనీరింగ్ పిల్లలతో పాటు డిప్లొమా, ఐటీఐ పిల్లలనూ దృష్టిలో పెట్టుకున్న కోర్సు అది. ఇంట్లో వస్తువులన్నీ కొలవడం, ఖర్చు ఎంత, మిగిలేది ఎంత అని లెక్క కట్టడం, నివేదిక రాసి ఇవ్వడం అందులో ఉంటాయి. మా పెద్దమ్మ ఇంట్లో మేము ఇవ్వనిది ఆ నివేదికే. మేము నోటిమాట చెప్పి వచ్చాం. కాగితం మీద రాసి సంతకం పెట్టాల్సి వస్తే మనిషి రెండుసార్లు ఆలోచిస్తాడు.

అమెరికాలో ఇల్లు కొన్న మన పిల్లలను అడిగాం. అక్కడ రెస్‌నెట్ అనే సంస్థ ఉంది, ఇళ్లకు మార్కులు వేసే రేటర్లను తయారుచేస్తుంది. 2006 నాటి నిబంధనల ప్రకారం కట్టిన ఇంటిని 100గా పెట్టుకుంటారు. మార్కు ఎంత తగ్గితే ఇల్లు అంత పొదుపు. సున్నా అంటే వాడుకున్నంత కరెంటు తానే పుట్టించుకునే ఇల్లు. తలుపుకు పెద్ద ఫ్యాను బిగించి లోపలి గాలి లాగి, ఇంటికి ఎక్కడెక్కడ సందులు ఉన్నాయో పట్టే పరీక్ష కూడా చేస్తారు. ఆ ఫ్యాను మన రేకుల ఇళ్లకు పెడితే పరీక్షే అక్కరలేదు, సందులు కంటికే కనబడతాయి! అది అక్కడి చలికి పుట్టిన విద్య, దాన్ని అలాగే తెచ్చి పెట్టుకోనక్కరలేదు. కానీ రెండు పద్ధతులు మాకు నచ్చాయి. పరీక్ష పాసైనంత మాత్రాన రేటర్ కాలేడు, పెద్దవాడి పర్యవేక్షణలో కొన్ని ఇళ్లు చేసి చూపించాలి. అయిన తరువాత కూడా అతని ఫైళ్లలో పదో వంతు తిరగేస్తారు, నూటికి ఒక ఇల్లు ఇంకొకరు పోయి మళ్లీ కొలుస్తారు. రెండోది, ఆ ఇంటితో తనకు ఇంకే డబ్బు సంబంధం ఉందో ముందే రాసి ఇవ్వాలి.

ఈ రెండోది మనకు చాలా అవసరం. కొలిచేవాడే అమ్మేవాడైతే ఏమవుతుందో మా గల్లీలో చూశాం. పీఎం సూర్య ఘర్ 2024లో వచ్చింది కదా. ఇంటి కప్పు మీద రెండు కిలోవాట్ల ప్లాంటుకు 60,000, మూడు కిలోవాట్లూ ఆ పైన 78,000 రూపాయల సబ్సిడీ. మంచి పథకం. కానీ ఒక ఇంటికి అమ్మకందారు వచ్చి, బిల్లు కూడా చూడకుండా మూడు కిలోవాట్లు పెట్టించాడు. పథకం ఇంటి కనెక్షన్‌కు. వాళ్ల ఇంటి వాడకానికి రెండే ఎక్కువ. అసలు బిల్లంతా సాంచాల మీటర్ మీద ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ మాట చెప్పేవాడు పక్కన లేడు. అందుకే మన ఆడిటర్ మోటారు అమ్మకూడదు, ప్యానెల్ అమ్మకూడదు, ఫలానా దుకాణంలో కొనమని చీటీ రాయకూడదు. వైరింగ్ మీద చేయి వేయాలంటే ప్రభుత్వ వైర్‌మన్ లైసెన్సు ఉండాలి, ఆడిట్ సర్టిఫికెట్ దానికి బదులు కాదు.

సేలం అన్నలు నిన్న రాత్రి భోజనాల దగ్గర నవ్వారు. మా సర్కారు చేనేతకు రెండు నెలలకు 300 యూనిట్లు, పవర్‌లూమ్‌కు 1000 యూనిట్లు ఉచితంగా ఇస్తోంది, మాకెందుకయ్యా ఆడిట్ అన్నారు. నిజమే, 2023లో ఆ పరిమితి పెంచారు, మంచిది. కానీ గోడలో కారే కరెంటుకు ఉచితం, రొక్కం తేడా తెలియదన్నా. పరిమితి దాటిన మొదటి యూనిట్ ఎవరి జేబులోంచి పోతుందో కూడా చూడాలి.

మరి బయటి నుంచి ఎవరో ఒక ఆడిటర్‌ను పిలిస్తే సరిపోదా అని అడగొచ్చు. మేమూ పిలిచి చూశాం. చదువుకున్న మనిషి, మర్యాదస్తుడు. చేనేత ఇంట్లోకి వచ్చి, ఇంత ఉక్కగా ఉంది, ఈ గదికి గాలి ఆడేలా చేయండి, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టండి అన్నాడు. ఇంటాయన మా మొహం చూశాడు. నూలు పడుగుకు తేమ కావాలి, గాలి పొడిబారితే పోగులు పటపట తెగుతాయి. మగ్గం గుంటలో పెట్టుకున్నది ఊరికే కాదు. ఇంకోచోట మగ్గం మీది ట్యూబు రెండింటిలో ఒకటి తీసేయమన్నాడు. నాడె నడిచేచోట, పోగు అతికేచోట ఎంత వెలుగు పడాలో నేసేవాడి కళ్లను అడగాలి. అరవై ఏళ్ల తాత కళ్లకు రెండు ట్యూబులూ కావాలి. కానీ పాత చోకు ట్యూబు ఒక్కొక్కటి 50 వాట్ల పైన తాగుతుంది, 20 వాట్ల ఎల్ఈడీ పెడితే రెండూ వెలుగుతూనే సగానికి పైగా మిగులుతుంది. రంగు నూలు జోడు కలిపేచోట మాత్రం చవక ఎల్ఈడీ వద్దు, ఎరుపు ఒకలాగ ఉంటే ఇంకోలాగ కనబడుతుంది. ఇవి ఏ సిలబస్‌లోనూ లేవు. మగ్గం కింద పెరిగిన పిల్లకు తెలుసు.

పిల్ల అనే అన్నాం, పొరపాటు కాదు. మధ్యాహ్నం ఇళ్లలో ఉండేది ఆడవాళ్లు. వంటింట్లోకి పోయి ఫ్రిజ్ వెనక చేయి పెట్టి చూడాలన్నా, ఎన్ని గంటలు గ్రైండర్ నడుస్తుందని అడగాలన్నా ఆడపిల్ల అయితేనే తలుపు తెరుచుకుంటుంది. పోయిన ఏడాది మా బృందంలో చేరిన ఇద్దరు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ అమ్మాయిలు, మేము అన్నేళ్లు చూడనివి చూసి వచ్చారు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ పని ఒక్కటే పెట్టుకుంటే ఇల్లు గడవదు. స్విచ్ ఆపు అని చెప్పినందుకు మనవాళ్లు ఐదు వందలు ఇస్తారా? ఇవ్వరు. మేమైనా ఇవ్వం. ఐటీఐ, వైర్‌మన్ లైసెన్సు, దాని పక్కన ఈ సర్టిఫికెట్ ఉంటే పిల్లవాడికి విలువ పెరుగుతుంది. 2019లో బీఈఈ ఇళ్లకూ నక్షత్రాల లేబుల్ మొదలుపెట్టింది, కొత్త కట్టడాల దగ్గర ఆ పని పెరగొచ్చు. కానీ అది రేపటి మాట. ఇవాళ పిల్లలను ఆశపెట్టి చేర్పించి, తరువాత పని లేదని ఇంటికి పంపితే అది కూడా పెద్దమ్మ మోటార్ల లాంటి తప్పే.

అందుకని సమాఖ్యను మేము అడిగేది ఇది. ఒక్కొక్క శాఖ నుంచి ఇద్దరు పిల్లలను, అందులో ఒకరు ఆడపిల్ల, కోర్సు ఖర్చు పెట్టుకుని పంపాలి. వాళ్లు తిరిగి వచ్చాక మొదటి ఇళ్ల ఆడిట్ రుసుము సమాఖ్యే ఇవ్వాలి, ఇంటివాళ్లను అడగొద్దు. ఒంటరి ఆడవాళ్ల ఇళ్లు ముందు చేయాలి. ప్రతి శాఖలో కొన్ని ఇళ్లను ఇంకో శాఖవాళ్లు పోయి మళ్లీ కొలవాలి. సోలాపూర్ ఇళ్లను భివండీ వాళ్లు, సేలం ఇళ్లను బెంగళూరు వాళ్లు. మన తప్పు మనకు కనబడదు, మేము అనుభవించాం.

పెద్దమ్మ చిట్టీ బాకీ మా బృందంలోవాళ్లం తలా కొంత వేసుకుని తీర్చాం. ఇది గొప్పకు చెప్పడం లేదు, తీర్మానం రాసేటప్పుడు తప్పు సలహా ఇస్తే ఎవరు కట్టాలి అనే వాక్యం కూడా రాయండి అని చెబుతున్నాం.

భోజనాల తరువాత ఈ హాలు మీటర్ దగ్గర మా అమ్మాయిలిద్దరూ ఉంటారు. మినుకులు ఎలా లెక్కపెట్టాలో చూపిస్తారు. మీ ఇంటి మీటర్ మీద 3200 ఉండకపోవచ్చు, 1600 ఉండొచ్చు, 800 ఉండొచ్చు, ఫోన్‌లో ఫోటో ఉంటే తీసి చూపించండి. పేర్లు ఇచ్చేవాళ్లు పిల్లల ఐటీఐ మార్కుల కాగితం, ఇంటి పన్నెండు నెలల బిల్లులు తెచ్చి పుస్తకాల బల్ల దగ్గర ఇవ్వండి.