పెద్దలను చూచుకొనువారి కష్టసుఖములు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు వత్సరముల క్రిందట ఈ గ్రంథాలయము రెండు బీరువాలతోను, ఒక బల్లతోను ఆరంభమైన దినమున నేనిచ్చటనే యుంటిని. ఆనాడు ముందు వరుసలో కూర్చున్న పెద్దలలో చాలమంది నేడు లేరు. ఉన్నవారిలో కొందరు మంచము దిగలేని స్థితిలో నున్నారు. కార్యదర్శిగారు నన్ను గ్రంథాలయోద్యమమును గూర్చి మాటాడుమని కోరిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి మహనీయుల కృషిని నాకంటె బాగుగ చెప్పగలవారు ఈ వేదికపై నున్నారు గనుక, నేను వేరొక విషయము నెత్తుకొనుటకు వారి అనుమతి తీసికొంటిని. ఆ మంచముల ప్రక్కన రాత్రింబవళ్లు నిలిచియున్నవారిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

పెద్దలను సేవింపవలెనని చెప్పు గ్రంథములు మన బీరువాలలో కావలసినన్ని కలవు. సేవించువారి నడుము నొప్పిని గూర్చి చెప్పిన గ్రంథము మాత్రము నాకు వానిలో కనబడలేదు. మన ఇండ్లలో ఈ పని సాధారణముగా ఒక్కరి మీదనే పడును. ఊరిలో నిలిచిపోయిన కుమారుడో, అతని భార్యయో, వివాహము కాని కుమార్తెయో, భర్త పోయి పుట్టినింటికి వచ్చిన ఆడపడుచో ఆ భారము మోయుదురు. తక్కినవారు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రముల కావలనో యుందురు. వారు చెడ్డవారని నేననను. నేనును వారిలో నొకడనే.

మా అమ్మగారు బావి గట్టు వద్ద జారిపడి తుంటి యెముక విరుగగొట్టుకొనిరి. పట్టణమున శస్త్రచికిత్స జరిగెను గాని ఆమె మరల నడువలేదు. మూడేండ్ల నాలుగు నెలలు మంచముననే యుండిరి. అన్నగారు వ్యవసాయము చూచుకొనెడివారు; వదినగారు అమ్మను చూచుకొనెడివారు. నేను దూరపు జిల్లాలో ఉపాధ్యాయుడనై యుండి నెల నెలా డబ్బు పంపుచు, సంక్రాంతికిని దసరాకును వచ్చుచుంటిని. అమెరికాలోని మా చెల్లెలు ప్రతి ఆదివారము ఫోనులో అమ్మ ముఖము చూచి, "అమ్మ చిక్కిపోయిందేమిటి? పాలు ఇస్తున్నారా?" అని అడుగుచుండెను. మేమిరువురమును మా విధిని చక్కగ నెరవేర్చుచున్నామనియే తలంచితిమి.

ఒక సంక్రాంతికి నేను వచ్చినప్పుడు అమ్మ నడుము క్రింద పుండు కనబడినది. చుట్టములందరి యెదుట, ఇంత అశ్రద్ధ యేమని వదినగారిని గద్దించితిని. ఆమె బదులు పలుకలేదు. ఆ రాత్రి రెండు గంటలకు ఏదో చప్పుడై లేచి చూచితిని. వదినగారు ఒంటరిగా అమ్మను ఒక ప్రక్కకు త్రిప్పుటకు ప్రయాసపడుచుండిరి. నన్ను చూచి, "చిన్నబ్బాయిగారూ, కాస్త కాళ్లవైపు పట్టుకోండి" అనిరి. కదలలేని మనిషిని ఇంచుమించు రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెననియు, లేనిచో ఒకేచోట ఒత్తిడి పడి, రక్తమాడక చర్మము చితికి పుండగుననియు డాక్టరు చెప్పెనట. పగలు పనిమనిషి సాయము కలదు. అన్నగారు తెల్లవారుజామున చేనికి పోవలెను గనుక ఆయనను లేపెడివారు కారు. రాత్రి పది మొదలు తెల్లవారువరకు నాలుగు మారులు ఆమె యొక్కరే లేచెడివారు. "కిందటి వారం నాకు జ్వరం వచ్చింది. రెండు రాత్రులు లేవలేకపోయాను" అని మాత్రము చెప్పిరి. ఆ తరువాత నేనున్న నాలుగు రాత్రులు నేనే లేచితిని. మూడవనాటికే నా నడుము పట్టుకొన్నది. ఐదవనాడు సెలవు ముగిసి రైలెక్కితిని.

ఇంకొకటి చెప్పవలెను, చెప్పుట కష్టముగానున్నది. వదినగారి తల్లి వేరొక గ్రామమున జబ్బుపడినప్పుడు, పది దినములు పుట్టింటికి పోయివచ్చెదననియు, మాలో నెవరైన వచ్చి అంతవరకు అమ్మవద్ద ఉండవలెననియు ఆమె అన్నగారిచేత అడిగించిరి. నాకు పరీక్షల కాలము. చెల్లెలికి సెలవు దొరకలేదు. మనిషిని పెట్టుకొనుడు, డబ్బు నేను పంపెదనంటిని. రాత్రులుండు మనిషి దొరకలేదు. వదినగారు ఒక్క పగలు పోయి, తల్లిని చూచి, దీపాల వేళకు తిరిగి వచ్చిరి. మరి తొమ్మిది దినములకు ఆ తల్లి పోయినది. ఈనాటివరకు ఆమె ఆ మాట ఎత్తి నన్ను నిందింపలేదు. నిందించియుండినచో నాకు కొంత తేలికగ నుండెడిది.

అందుచేత దూరముననున్న అన్నదమ్ములకును, అక్కచెల్లెండ్రకును నా మనవి యేమనగా, డబ్బులో వంతు వేసికొన్నట్లే దినములలోను వంతు వేసికొనుడు. ఏడాదికి పదిహేను దినములు వచ్చి, చూచుకొనువారిని ఎచ్చటికైన పంపివేసి, ఆ మంచము ప్రక్కన మీరే పరుండుడు. వచ్చిన మొదటినాడే సలహాలు చెప్పకుడు. ఫోనులో అమ్మ ఎట్లున్నదని అడుగుటకు ముందు, వదినగారు రాత్రి నిద్రపోయిరా యని అడుగుడు. మందుల ఖర్చునకు అందరును చూడదగిన ఒక లెక్కపుస్తకము పెట్టుకొనుట మంచిది. చూచుకొన్నవారే తినివేసిరను అపవాదు ఆస్తి పంపకముల నాడు ఎట్లు పుట్టునో ఈ సభలో తెలియనివారు లేరు.

ఇరుగుపొరుగువారికిని ఒక మాట. పరామర్శకు వచ్చినవారికి కాఫీలు కాచుటయే రోగి సేవకంటె పెద్ద పనియైన ఇండ్లను నేనెరుగుదును. వచ్చునప్పుడు ఒక గిన్నెలో కూర తెచ్చినచో ఆ పూటకు పొయ్యి వద్ద పని తగ్గును. కూలికి మనిషిని పెట్టుకొన్న కుటుంబమును చూచి, కన్నకొడుకులుండగా ఇదేమి ఖర్మమని గుసగుసలాడుట మనవారికి అలవాటు. ఇది చాల అన్యాయము. ఇంటివారు అలసి పడిపోకుండ సాయము తెచ్చుకొనుటలో సిగ్గుపడవలసిన దేమియు లేదు. ఇక డిమెన్షియా యను మతిమరుపు జబ్బు కలదు. ఆ జబ్బుగల పెద్దలు అన్నము తిని చేయి కడుగుకొన్న పిదప, తిన్న సంగతి మరచి, కోడలు అన్నము పెట్టలేదని వీధి అరుగుపై కూర్చుండి చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. వారికి నిజముగనే జ్ఞాపకము లేదు. ఊరు ఆ మాట నమ్మి కోడలిని దుమ్మెత్తిపోయును.

ప్రభుత్వమువారి ఏర్పాట్లు కొన్ని కలవు. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. తమను పోషింపని సంతానముపై తల్లిదండ్రులు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. చూచుకొందుమను షరతుతో ఆస్తి వ్రాయించుకొని పిదప చూడనిచో, ఆ దస్తావేజును రద్దు చేయించుటకును వీలు కలదు. మంచి చట్టమే. కాని అది చూడనివారిని పట్టుకొనుటకు పుట్టినది. చూచుచున్నవారికి పది దినముల విశ్రాంతి నిచ్చు ఏర్పాటు దానిలో లేదు. ఆంధ్రప్రదేశమున 2024 జూలైలో వృద్ధుల పింఛనును నెలకు 4,000 రూపాయలకును, పక్షవాతముతో పూర్తిగ మంచమునకో, చక్రముల కుర్చీకో పరిమితమైనవారి పింఛనును 15,000 రూపాయలకును పెంచిరి. ఈ రెండవదానిని గూర్చి తెలియని కుటుంబము లింకను ఉండవచ్చును. 14567 అను సంఖ్య వృద్ధులకై దేశమంతటను ఏర్పడిన ఉచిత ఫోను సహాయము. వారిని చూచుకొనువారును దానికి ఫోను చేసి అడుగవచ్చును. ఆ సంఖ్యను మన ప్రకటనల పలకపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

ఇక మన గ్రంథాలయము చేయదగినది. సాయంకాలము ఇచ్చటకు వచ్చు యువకులలో ఇద్దరు వారమునకొకనాడు ఒక ఇంటికి పోయి, గంటసేపు అచ్చటి పెద్దలకు పత్రిక చదివి వినిపించిన చాలును. చూపు ఆననివారికి అది కాలక్షేపము. ఆ ఇంటి ఇల్లాలికి అది గంటసేపు నిద్ర.

మరియొకటి కలదు. మన ఊరి అటకలపై చక్రముల కుర్చీలు, నడకకఱ్ఱలు, గాలి పరుపులు ఎన్ని పడియున్నవో లెక్క తీసినవారు లేరు. ఒకరు వేలు పోసి కొందురు. మనిషి పోయిన పిదప అవి దుమ్ము పట్టును. ప్రక్క వీధిలో మరియొకరు మరల కొందురు. పుస్తకమును పదునైదు దినములకు ఎరువిచ్చునట్లే, వీనినిగూడ చిట్టాలో వ్రాసి, సంతకము తీసికొని, అవసరమున్నంతకాలము ఈయవచ్చును. గాలి పరుపును ఇచ్చుటకు ముందు మందునీటితో శుభ్రముగ తుడువవలెను. ఆ పని నేను చేసెదను.

మా అమ్మగారి చక్రముల కుర్చీ అన్నగారి ఇంటి అటకపై నున్నది. నిన్న వదినగారి నడిగితిని. తీసికొనిపొమ్మనిరి, కుడి చక్రము కొంచెము బిగియుచున్నది, నూనె వేయింపుమని చెప్పిరి. రేపు ఉదయము దానిని బాగుచేయించి ఇచ్చటకు తెచ్చెదను. కార్యదర్శిగారు చిట్టాలో క్రొత్త పుట తీసి దానికి ఒకటవ సంఖ్య వేయవలెనని ప్రార్థించుచున్నాను.