మెకానిక్ చదువుకి అప్పు తీసే ముందు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మా సంఘాల మినిట్స్ పుస్తకాలు తిరగేస్తే, అప్పు ఎందుకు అన్నచోట గేదెలు, కుట్టుమిషన్ల పక్కన కొత్త మాట ఒకటి కనపడుతోంది: "అబ్బాయికి మెకానిక్ కోర్సు". మంచిదే. రావులపాలెం అరటి గెలల లారీలు, భీమవరం వైపు రొయ్యల వ్యాన్లు, వరికోత మిషన్లు, చెరువు గట్ల మీద జనరేటర్లు, ఇవన్నీ ఎవరో ఒకరు బాగుచెయ్యాలి కదండీ. పనికి లోటు లేదు. మేం మాట్లాడేది ఆ పని నేర్చుకోడానికి చేసే అప్పు గురించి.

మా దగ్గర ఒక అక్క కొడుకుని ప్రైవేటు సెంటర్లో ఏడాది కోర్సుకి చేర్పించింది. ఊళ్ళోకి కరపత్రం పట్టుకొచ్చినాయన "కోర్సు అవ్వగానే ఉద్యోగం, పదిహేను వేల జీతం" అన్నాడు. ఖర్చు లక్షా ఇరవై వేలు. సంఘంలో తీసుకుంది. రూపాయి వడ్డీ, ఇరవై నాలుగు వాయిదాలు. ఆ లెక్క మేమందరం కూర్చుని వేశాం, మీరూ వినండి.

నెలకి అసలు 5,000. మొదటి నెల వడ్డీ 1,200. అంటే 6,200. వడ్డీ నెలనెలా యాభై తగ్గుతూ వస్తుంది. పిల్లాడు చదువుతున్న పన్నెండు నెలల్లోనే 60,000 అసలు, 11,100 వడ్డీ, మొత్తం 71,100 కట్టాలి. అప్పటికి వాడు సంపాదించింది ఒక్క రూపాయి లేదు. అదంతా రొయ్యల షెడ్డులో తల్లి చేసిన కూలి. సంఘం అప్పు పిల్లాడి ఉద్యోగం దాకా ఆగదు, తీసుకున్న మరుసటి నెల నుంచే మొదలౌతుంది. ఈ అక్క ఒక నెల తప్పితే మిగతా తొమ్మిదిమంది పేర్లూ పాడౌతాయి, లింకేజీ ఆగుతుంది.

పోనీ ఉద్యోగం వచ్చాక? హైదరాబాదులో పదిహేను వేలు అన్నారు అనుకుందాం. పీఎఫ్ అదీ పోయేది 1,500, గది వాటా 2,500, తిండి 4,500, బస్సులు, ఫోను 1,500. మిగిలేది 5,000. ఆ నెల వాయిదా 5,600! ఇంకా ఆరువందలు తల్లే వెయ్యాలి. అదే తణుకులోనో మండపేటలోనో పదివేలకి చేరి ఇంటినుంచి వెళ్ళొస్తే, పెట్రోలుకీ తిండికీ మూడువేలు పోయినా ఏడువేలు మిగులుతుంది. అందుకని జీతం ఎంత అని కాదు, ఇంటికి చేరేది ఎంత అని అడగండి.

రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చేవాళ్ళకి ఇంకా చెప్పక్కర్లేదు. అదే లక్షా ఇరవై వేలకి ఏడాది వడ్డీయే 28,800, అసలు అలాగే ఉంటుంది. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళ మీద ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా మన ఊళ్ళు ఏం చూశాయో పెద్ద అక్కలకి తెలుసు.

అలాగని షెడ్డులో రెంచీ అందిస్తే చాలు, చదువెందుకు అనేవాళ్ళతో మేం ఒప్పుకోం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త బండ్లన్నీ బీఎస్-6. సెన్సార్లు, స్కానర్లు. చెవి పెట్టి ఇంజను విని చెప్పే రోజులు తగ్గిపోయాయి. కాబట్టి నేర్చుకోవాలి, ఎక్కడ అన్నదే ప్రశ్న.

ముందు ఖర్చు లేనివి చూడండి. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014 నుంచి ఉంది. గ్రామాల్లోని పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్ళ పిల్లలకి శిక్షణ ఉచితం. మన రాష్ట్రంలో సీడాప్ చూసుకుంటుంది. ఏ బ్యాచ్ ఎక్కడ నడుస్తోందో ఏపీఎం గారిని అడగండి. బ్యాంకుల ఆర్‌సెటీల్లో టూవీలర్ మెకానిక్ నెలరోజుల శిక్షణ ఉంది, భోజనం, వసతితో సహా. ఊళ్ళో చిన్న షెడ్డు పెట్టుకునేవాడికి అది బాగా పనికొస్తుంది. షోరూం వాళ్ళు మాత్రం ఇంకా పెద్ద సర్టిఫికెట్ అడగొచ్చు.

ఇంక ఐటీఐ. మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్ళు, డీజిల్ మెకానిక్ ఏడాది. పదో తరగతి చాలు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు తక్కువే, కానీ ఊరికే వస్తుందనుకోకండి. ఆ రెండేళ్ళూ షెడ్డులో నెలకి ఆరువేలు తెచ్చే పిల్లాడైతే 1,44,000 సంపాదన ఆగినట్టే. అయినా మేం దీనికే ఓటు వేస్తాం. ఎందుకంటే అది పోయిన సంపాదనే గానీ మనం తీర్చాల్సిన అప్పు కాదు. ఆ తర్వాత అప్రెంటిస్‌గా చేరితే 1961 నాటి చట్టం ప్రకారం స్టైపెండ్ ఇవ్వాలి, అంటే నేర్చుకుంటూనే నాలుగు రూపాయలు వస్తాయి.

తప్పనిసరిగా డబ్బు కట్టే కోర్సే అయితే బ్యాంకులో విద్యారుణం, స్కిల్ లోను అడగండి. కోర్సు నడిచినంతకాలం వాయిదాలు ఉండవు, వడ్డీ మాత్రం పడుతూ ఉంటుంది. విద్యారుణానికి నాలుగు లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. గుర్తింపు ఉన్న కోర్సుకే ఇస్తారు కాబట్టి, బ్యాంకు ఇవ్వనంటే ఎందుకని అడిగి తెలుసుకోండి. మనక్కావాల్సిన జవాబు అక్కడే దొరకొచ్చు.

మా గ్రామ సంఘంలో ఇప్పుడు తీర్మానం రాసుకున్నాం. కోర్సు అప్పు అడిగిన సభ్యురాలు మూడు సంగతులు తేవాలి. ఫీజు, హాస్టలు, పరీక్ష, టూల్‌కిట్ అన్నీ కలిపిన మొత్తం సెంటరు వాళ్ళు కాగితం మీద రాసివ్వాలి. సర్టిఫికెట్ ప్రభుత్వ గుర్తింపు ఉన్నదా, సెంటరు సొంతంగా అచ్చేసుకున్నదా తెలియాలి. పోయినేడు చదివిన ముగ్గురు పిల్లల ఫోన్ నంబర్లు కావాలి. ఫోన్లు మేమే చేస్తాం, రాత్రి ఎనిమిది దాటాక, వాళ్ళు పనినుంచి వచ్చాక. చేతికి ఎంత వస్తోంది, ఏం పని చేయిస్తున్నారు అని అడుగుతాం. బండ్లు కడిగే పనిలో పెట్టి టెక్నీషియన్ అంటున్న చోట్లు ఉన్నాయండీ.

ఈ తీర్మానం అయ్యాక నలుగురు అడిగారు. ఇద్దరు కాగితాలు తేలేకపోయారు, పిల్లల్ని ఐటీఐకి దరఖాస్తు చేయించారు. ఒకామెకి ఇచ్చాం. నాలుగో ఆమె అడిగింది కూతురికి, ఎలక్ట్రిక్ స్కూటర్ల రిపేరు నేర్చుకుంటుందట. "ఆడపిల్లకి మెకానిక్కా" అని ఒకరిద్దరు అన్నారు. మేం మాత్రం అవే మూడు ప్రశ్నలు అడిగాం. ఆమె ఫోన్ నంబర్లు తెచ్చింది. వచ్చే సమావేశంలో ఆ అప్పు రాస్తాం.