వైమానికాభ్యర్థి మర్యాదలు



మా జూబిలీ హిల్సు ప్రక్కనున్న ఫిలింనగరులో వేషము కట్టినవాడు గంటలో పైలటగును. దుండిగల్లునందలి వైమానిక దళ అకాడమీలో ఆ వేషము చెల్లదు. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు యువతులు మన దేశపు యుద్ధవిమాన శాఖలో తొలి స్త్రీలుగా నియుక్తలైన స్థలమది.

అచ్చటికి త్రోవ మైసూరు, డెహ్రాడూన్, వారణాసి వంటి పట్టణములలోని ఎంపిక మండలుల మీదుగా పోవును. మొదటినాటి వడపోత దాటినవారిని ఒకరు వ్రాతలోను, ఒకరు బృందకార్యములలోను, ఒకరు ఇంటర్వ్యూలోను పరిశీలింతురు. నోట పలికిన బొంకు వ్రాతలో బయటపడును. కావున వల్లించిన జవాబులు వలదు. సిఫారసు చీటి అసలే వలదు. ఉతికిన చొక్కా, మెరుగుపెట్టిన బూట్లు చాలును. అనుమతి యడిగి కూర్చుండవలెను. తెలియనిదానిని "తెలియదండి" యనుట చిన్నతనము కాదు. తోడివారి మాట త్రుంచుట చిన్నతనము.

చోదక యోగ్యతకు యంత్రముపై జరుగు పరీక్ష జన్మకొక్కసారియే. అందు తప్పిన బిడ్డకు సైనిక విమానము నడపు యోగము లేదు. ఐనను సైన్యమున ఇతర శాఖలు గలవు. ఆ బిడ్డ ఊరు చేరిన దినమున రచ్చబండకడ నిలదీయక, కాళ్లకు నీళ్లిచ్చి అన్నము పెట్టుడు. అది మనము పాటింపవలసిన మర్యాద.